నికాన్ డీఎక్స్‌ని నమ్ముకుని ఇంకో పదేళ్లు వెళ్లొచ్చా?

కైకలూరు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆదివారాలు, సెలవులు అన్నీ కొల్లేరు చుట్టూనే. ఆటపాకలో పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు, చేపల చెరువుల గట్ల మీద లకుముకిపిట్టలు, వీటి ఫొటోలే ఎక్కువ తీస్తాను. నా దగ్గర ఉన్నది నికాన్ డీ7200, దానికి 200-500 ఎఫ్5.6 లెన్స్. ఇవి కాక ఒక 18-140, మా మామయ్య ఇచ్చిన పాత 50 ఎఫ్1.8డీ.

డీ7200 షట్టర్‌కి కంపెనీ చెప్పిన లక్షన్నర క్లిక్‌లు ఎప్పుడో దాటాయి. అంతకంటే ఎక్కువే పనిచేసింది, దాని మీద నాకు కంప్లయింట్ ఏమీ లేదు. ఈ మధ్య వరసగా ఫ్రేములు తీస్తుంటే నడుమ ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. షట్టర్ యూనిట్ మార్చాలన్నారు. 2015 మోడల్ కెమెరా మీద అంత ఖర్చు పెట్టడం సరైనదేనా, లేక అదే డబ్బుకి ఇంకొంత కలిపి లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌లోకి వెళ్లాలా అన్నది తేలడం లేదు. నికాన్ చిన్న సెన్సర్ (డీఎక్స్) మిర్రర్‌లెస్ జెడ్50-2 వైపు మనసు లాగుతోంది.

అసలు టెన్షన్ ఎక్కడంటే, నికాన్ ఈ చిన్న సెన్సర్ కెమెరాలని నిజంగా పట్టించుకుంటోందా? డీ500 వచ్చింది 2016లో. దాని స్థానంలో మిర్రర్‌లెస్ ఏదీ ఇప్పటిదాకా రాలేదు. జెడ్ మౌంట్‌లో (నికాన్ మిర్రర్‌లెస్‌లకి లెన్స్ బిగించే అమరిక) డీఎక్స్ కోసం చేసిన లెన్సులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా గ్రూపులో అందరూ "డీఎక్స్ పని అయిపోయింది, ఎఫ్ఎక్స్‌కి పోండి మాస్టారూ" అంటున్నారు, ఎఫ్ఎక్స్ అంటే పెద్ద సెన్సర్, ఫుల్ ఫ్రేమ్. నా బడ్జెట్ లక్ష, ఇంకా గట్టిగా లాగితే లక్షన్నర. జెడ్8 కొనే స్తోమత లేదు. 200-500ని మాత్రం వదులుకోను.

ఇప్పుడు డీఎక్స్ కొంటే నాలుగేళ్ల తర్వాత నడిరోడ్డు మీద నిలబడతానా? తెలిసినవాళ్లు చెప్పండి.

పెళ్లిపందిరి

మాస్టారూ, నాది పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ. డీ90తో మొదలుపెట్టి ఇప్పుడు మొత్తం ఎఫ్ఎక్స్ మీదే చేస్తున్నాను. నా సలహా సూటిగా చెప్తాను, ఎఫ్ఎక్స్‌కి వెళ్లిపోండి. ఏ కంపెనీ అయినా మంచి లెన్సులు, మంచి టెక్నాలజీ ముందు పెద్ద సెన్సర్‌కే ఇస్తుంది. చిన్న సెన్సర్‌కి కిట్ లెన్స్ ఒకటి, జూమ్ ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది. ఫంక్షన్ హాల్లో రాత్రి ముహూర్తానికి తీసి చూస్తే తేడా కళ్లకి కనిపిస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 6400 దగ్గర ఎఫ్ఎక్స్ ఫైల్‌కి ఉండే నిండుదనం డీఎక్స్‌కి రాదు.

జెడ్5-2 చూడండి. 24 మెగాపిక్సెల్, బాడీలోనే చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్, రెండు కార్డు స్లాట్లు. మీ లక్షన్నరకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మేలు. డీఎక్స్ మీద పెట్టే ప్రతి రూపాయీ రేపు ఎలాగూ మళ్లీ పెట్టాల్సిందే.

కోఠి పాతకెమెరా

మాస్టారూ నమస్తే. కోఠిలో నాది సెకండ్ హ్యాండ్ కెమెరాల షాపు. ఫిల్మ్ కెమెరాల రోజుల నుంచి ఇదే పని. కొత్తవి అమ్మేవాళ్లు లాంచ్ రోజున ఏం చెప్పారో చూస్తారు. నేను చూసేది వేరు. అదే కెమెరా ఐదారేళ్ల తర్వాత ఎవరో సంచిలోంచి తీసి నా కౌంటర్ మీద పెడితే, దాన్ని కొనేవాడు ఉన్నాడా లేడా? మీ ప్రశ్నకి ఆ వైపు నుంచే చెప్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. నికాన్ డీఎక్స్ కెమెరాలు చేస్తూ ఉంటుందా అన్నది ఒకటి. మీలాగా పక్షులు తీసేవాళ్లకి కావాల్సిన డీఎక్స్ కెమెరా చేస్తుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవుననే చెప్తాను, ధైర్యంగా. రెండోదాని కోసం మాత్రం మీ సీజన్లు పోగొట్టుకోవద్దు.

మొదటిది ఎందుకు అవునంటున్నానో చెప్పాలంటే నికాన్ 1 సంగతి ఎత్తాలి. 2011లో నికాన్ ఆ పేరుతో చిన్న మిర్రర్‌లెస్‌లు తెచ్చింది. సెన్సర్ 13.2 బై 8.8 మిల్లీమీటర్లు, అంటే డీఎక్స్ కంటే కూడా బాగా చిన్నది. 2014లో దానికే 70-300 అని ఒక లెన్స్ ఇచ్చారు, బరువు అరకిలో పైన. ఆ సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 810 మిల్లీమీటర్ల దాకా పోతుంది. అదే ఏడాది వచ్చిన వీ3 ఆటోఫోకస్‌తోనే సెకనుకి 20 ఫ్రేములు తీసేది. అప్పట్లో అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌లకి అది ఊహకి కూడా అందని వేగం. మా షాపుకి వచ్చే ఒక పెద్దాయన ఇప్పటికీ ఆ జతతోనే అమీన్‌పూర్ చెరువు దగ్గర పిట్టల్ని తీస్తారు. ప్రింట్లు తెచ్చి చూపిస్తుంటారు, బాగుంటాయి. కానీ 2015లో వచ్చిన జే5 తర్వాత ఆ వరసలో కొత్త బాడీ లేదు. 2018లో నికాన్ మొత్తం లైనే ఆపేసింది. ఆ 70-300ని ఇప్పుడు ఏ కొత్త నికాన్ బాడీ మీదా ఎక్కించలేరు. లెన్స్ ఎంత మంచిదైనా సరే, బాడీ చచ్చిపోతే దాని బతుకూ అంతటితో సరి.

కెనాన్ ఈఎఫ్-ఎం కథా ఇదే. 2012లో మొదలైంది. ఎం50 లాంటి కెమెరాని మన దగ్గర యూట్యూబ్ మొదలుపెట్టిన పిల్లలు ఎంతమంది వాడారో మీకూ తెలిసే ఉంటుంది. అమ్మకాలు లేక ఆపిన లైన్ కాదది. 2018లో కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ తెచ్చింది. 2022లో ఆర్7, ఆర్10 అని చిన్న సెన్సర్ కెమెరాలని కూడా ఆ మౌంట్‌లోనే తెచ్చింది. దాంతో ఈఎఫ్-ఎం అవసరం తీరిపోయింది. 2023కల్లా జాబితాలోంచి పోయింది. ఈఎఫ్-ఎం లెన్స్‌కి సెన్సర్ నుంచి ఉండాల్సిన దూరం 18 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్‌కి 20. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతో అడాప్టర్ పెట్టే దారి కూడా లేదు. మీరు సైన్స్ మాస్టారు, ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ రెంటి పక్కన జెడ్ డీఎక్స్‌ని పెట్టి చూడండి. దీనికి వేరే మౌంట్ లేదు. 55 మిల్లీమీటర్ల వ్యాసం, సెన్సర్ నుంచి 16 మిల్లీమీటర్ల దూరం. జెడ్9కీ జెడ్30కీ అదే రంధ్రం, అవే కాంటాక్ట్‌లు. రేపు నికాన్ డీఎక్స్ బాడీలు చేయడం పూర్తిగా మానేసినా మీ జెడ్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద ఎక్కుతుంది. డీఎక్స్ లెన్స్ అయితే క్రాప్‌లో, అంటే సెన్సర్ మధ్య భాగం వరకే వాడుకుని పనిచేస్తుంది. అందుకే నా షాపులో ఎవరు అడిగినా సెన్సర్ సైజుని చూసి కాదు, మౌంట్‌ని చూసి భయపడమంటాను. చిన్న సెన్సర్‌కి విడిగా మౌంట్ పెట్టారంటే మాత్రం జాగ్రత్త పడాలి.

ఇక వాళ్లు కెమెరాలు చేస్తున్నారా లేదా అంటే, చేస్తూనే ఉన్నారు. 2019లో జెడ్50, 2021లో జెడ్ఎఫ్‌సీ, 2022లో జెడ్30, 2024 నవంబర్‌లో జెడ్50-2. డీఎక్స్ లెన్సుల్లో మొదట వచ్చినవి 16-50, 50-250. తర్వాత 18-140, 12-28 పవర్ జూమ్, 24 ఎఫ్1.7. 2023 తర్వాత రెండేళ్లు ఏమీ రాలేదు. అప్పుడే మీ గ్రూపువాళ్లలాగా చాలామంది ఆశ వదిలేశారు. 2025లో 16-50 ఎఫ్2.8 వీఆర్, 35 ఎఫ్1.7 మాక్రో రెండూ ఒకేసారి వచ్చాయి. ఆపేయాలనుకున్న లైన్‌కి ఏ కంపెనీ కూడా ఎఫ్2.8 జూమ్‌ని కొత్తగా డిజైన్ చేయదు. నాకు కనిపించిన అన్నిటికంటే గట్టి సాక్ష్యం అదే. పైగా 2023లో సిగ్మా తన 16, 30, 56 ఎఫ్1.4 లెన్సులు మూడిటినీ జెడ్ మౌంట్‌కి ఇచ్చింది. కెనాన్ కూడా 2024లో ఆర్ఎఫ్ మౌంట్‌ని సిగ్మా, టామ్రాన్‌లకి చిన్న సెన్సర్ లెన్సుల వరకు తెరిచింది. నన్నడిగితే కంపెనీలు చేస్తున్నది ఇదీ: బాడీలు తాము చేస్తాం, చిన్న సెన్సర్ ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్సులు) పక్కవాళ్లు చేసుకుంటే అడ్డుపడం. కొనేవాడికి ఇందులో నష్టం లేదు.

రెండో ప్రశ్నకి వస్తాను. ఇది నా మనసుకి దగ్గరి విషయం.

డీ300ఎస్ వచ్చింది 2009లో. దాని తర్వాత డీ400 వస్తుందని ఎదురుచూసినవాళ్లు మా షాపులో ఎంతమందో. ప్రతి దసరాకీ "ఈసారి వస్తుందన్నా" అనేవాళ్లు. కొంతమంది చేతిలో ఉన్నది అమ్మేసి మరీ కూర్చున్నారు. చివరికి ఆ కెమెరా డీ500 పేరుతో 2016 జనవరిలో వచ్చింది. అద్భుతమైన కెమెరా, నేనేమీ కాదనను. 153 ఫోకస్ పాయింట్లు, సెకనుకి 10 ఫ్రేములు, రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చింది ఇచ్చినట్టు ఉండేవి) 200 దాకా ఆగకుండా తీసే బఫర్. కానీ ఆ ఆరేళ్లలో వలస పక్షులు వచ్చాయి, వెళ్లాయి. ఉన్న డీ7000, డీ7100లతో తీసుకున్నవాళ్ల దగ్గర ఫొటోలు మిగిలాయి. ఎదురుచూసినవాళ్ల దగ్గర ఏం మిగిలిందో వేరే చెప్పాలా?

డీ500 తర్వాత నికాన్ అడుగులు ఎటు పడ్డాయో చూస్తే వాళ్ల ఉద్దేశం తెలుస్తుంది. మీ డీ7200కి రెండు కార్డు స్లాట్లు, కింద బ్యాటరీ గ్రిప్ పెట్టుకునే వీలు, పాత మాన్యువల్ లెన్సులకి మీటరింగ్ (వెలుతురు కొలత) ఇచ్చే చిన్న ట్యాబ్ ఉన్నాయి. 2017లో వచ్చిన డీ7500లో ఆ మూడూ తీసేశారు. డీ500ని కొనేవాళ్లు దానివైపే పోవాలని అలా చేసి ఉంటారు. ఆ తర్వాత డీ500 కూడా పోయింది. జెడ్30కి వ్యూఫైండర్ కూడా లేదు, అది వీడియో బ్లాగులు చేసేవాళ్లది. జెడ్ఎఫ్‌సీ 1982 నాటి ఎఫ్ఎం2 రూపంలో, రకరకాల రంగుల తొడుగులతో వచ్చింది. జెడ్50-2 పైన రంగుల స్టైల్ మార్చుకోడానికి ప్రత్యేకంగా ఒక బటన్ పెట్టారు. ఇవన్నీ ఫోన్ నుంచి కెమెరాకి వచ్చే కుర్రాళ్ల కోసం చేసినవి. అందులో తప్పేమీ లేదు. ఆ కుర్రాళ్లు కొంటున్నారు కాబట్టే లైన్ బతికి ఉంది. కానీ మెటల్ బాడీ, చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్, రెండు స్లాట్లతో పక్షుల కోసం డీఎక్స్ కెమెరా వస్తుందా అంటే, ఇప్పటిదాకా నికాన్ ఇచ్చిన సమాధానం జెడ్8. దాన్ని డీఎక్స్ క్రాప్‌లో పెడితే 19 మెగాపిక్సెల్స్ వస్తాయి. అందుకు మూడు లక్షల పైన కట్టాలి.

అందుకని మీ విషయంలో నా లెక్క ఇది. పందిరి తమ్ముడు చెప్పింది పెళ్లిళ్లకి అక్షరాలా నిజం. మీకు కాదు. 500 మిల్లీమీటర్ల దగ్గర కూడా లకుముకిపిట్ట ఫ్రేములో మూలన చిన్నగా ఉంటుంది, అవునా? జెడ్5-2 కొని క్రాప్ చేస్తే మీకు మిగిలేది పది మెగాపిక్సెల్స్ చిల్లర. జెడ్50-2లో అదే లెన్స్‌తో, అదే చోటు నుంచి 20.9. మీ పిట్ట మీద పడే పిక్సెల్స్ రెట్టింపు. పెద్ద సెన్సర్ గొప్పతనం ఫ్రేము నిండినప్పుడు తెలుస్తుంది, కొల్లేరులో పక్షి ఎప్పుడోగాని ఫ్రేము నింపదు.

జెడ్50-2లో జెడ్8లో ఉన్న ఎక్స్‌పీడ్ 7 ప్రాసెసరే ఉంది. పక్షుల్ని గుర్తుపట్టే మోడ్ విడిగా ఉంది. పాత జెడ్50లో అది లేదు కాబట్టి తక్కువకి వస్తోందని పాతదాని జోలికి వెళ్లకండి. మెకానికల్ షట్టర్‌తో సెకనుకి 11 ఫ్రేములు వస్తాయి. లోట్లు కూడా వినండి. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, మీ 200-500లో వీఆర్ (లెన్సులోని స్టెబిలైజేషన్) ఉంది కాబట్టి అది సర్దుకుంటుంది. కార్డు స్లాట్ ఒక్కటే. డీ7200 ఒక్క చార్జితో వెయ్యి దాటేది, ఇది దాని దరిదాపుల్లోకి కూడా రాదు. రెండు బ్యాటరీలు అదనంగా కొనాలి, లేదా పడవ ఎక్కేముందు పవర్ బ్యాంక్ తగిలించుకోవాలి.

పెళ్లిపందిరి

అన్నా, పిక్సెల్ లెక్క ఒప్పుకుంటాను. కానీ తెల్లవారుజామున ఐదున్నరకి వెలుతురు ఎంతుంటుంది? ఎఫ్5.6 లెన్స్, ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 కావాలి. ఐఎస్ఓ ఎక్కడికి పోతుందో మీకు తెలియంది కాదు. అక్కడ పది మెగాపిక్సెల్స్ శుభ్రంగా ఉంటే నాకు చాలు. పైగా అమ్మేటప్పుడు ఎఫ్ఎక్స్ బాడీకి ఉన్న గిరాకీ డీఎక్స్‌కి ఉండదని మీ షాపులోనే విన్నాను.

ఎం43 శ్రీకాకుళం

నేను నికాన్ మనిషిని కాదు, ఒలింపస్ వాడతాను. డీఎక్స్ కంటే కూడా చిన్న సెన్సర్, 17.3 బై 13. కాబట్టి ఈ భయం నాకు బాగా పరిచయం. 2020 జూన్‌లో ఒలింపస్ తన కెమెరాల విభాగాన్ని అమ్మేస్తున్నామని ప్రకటించిన రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటికే పానసోనిక్ ఫుల్ ఫ్రేమ్‌లోకి దిగింది. ఇక మనం అనాథలం అనుకున్నాం.

తర్వాత జరిగింది చెప్తాను. 2021 జనవరి నుంచి ఆ విభాగం ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ అయింది. 2022లో ఓఎం-1 వచ్చింది, పక్షులకి అంత మంచి బాడీ పాత యాజమాన్యం కింద కూడా రాలేదు. పానసోనిక్ 2023లో జీ9-2, 2024లో జీహెచ్7 ఇచ్చింది. నా పాత లెన్సులన్నీ ఈ బాడీల మీద హాయిగా పనిచేస్తున్నాయి. కంపెనీయే చేతులు మారినా మౌంట్ నిలబడింది, ఎందుకంటే ఆ మౌంట్ ఇద్దరిది. కోఠి అన్న మౌంట్ చూడమన్నది నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

మా తేలినీలాపురంలో పెలికాన్‌లు చింతచెట్ల మీద, ఊరి మధ్యలోనే గూళ్లు కడతాయి. అక్కడ దూరం సమస్య కాదు, చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడగలం అన్నదే సమస్య. మాస్టారికి నడిచే పని ఎక్కువైతే బరువు కూడా లెక్కలో వేసుకోవాలి. 200-500 ఒక్కటే 2.3 కిలోలు.

కైకలూరు మాస్టారు

అందరికీ చాలా థాంక్స్. కోఠి అన్నగారూ, మీరు చెప్పాక కూర్చుని లెక్క కట్టాను. జెడ్50-2లో సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అడ్డంగా 5568 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్ 4.2 మైక్రాన్లు. జెడ్5-2లో దాదాపు 5.9. అంటే ఒకే లెన్స్, ఒకే దూరం అయితే నా పిట్ట మీద డీఎక్స్‌లో సుమారు రెట్టింపు పిక్సెల్స్ అన్నది కాగితం మీద కూడా తేలింది. పందిరిగారు అడిగిన నాయిస్ (తక్కువ వెలుతురులో ఫొటోలో వచ్చే గరుకు చుక్కలు) గురించి కూడా ఆలోచించాను. అదే లెన్స్, అదే అపెర్చర్, అదే షట్టర్ అయితే పిట్ట బొమ్మ మీద పడే వెలుతురు రెండిట్లోనూ ఒకటే కదా? ఎఫ్ఎక్స్‌లో అదనంగా వచ్చే వెలుతురంతా చుట్టూ ఉన్న నీళ్ల మీద పడుతుంది, దాన్ని నేను కత్తిరించి పారేస్తాను. కత్తిరించాక రెండు ఫొటోలనీ ఒకే సైజులో ప్రింట్ వేస్తే నాయిస్‌లో పెద్ద తేడా ఉండకూడదు. తప్పయితే సరిదిద్దండి.

ఇంకో మూడు సందేహాలు. 200-500కి, పాత లెన్సుల్ని జెడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే ఫోకస్ నెమ్మదిస్తుందా? మామయ్య ఇచ్చిన 50 ఎఫ్1.8డీ పనికొస్తుందా? నీళ్ల మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఒక్కసారిగా మునిగే నలుపుతెలుపు లకుముకి మీద నాకు మోజు ఎక్కువ. సైలెంట్ మోడ్‌లో సెకనుకి 30 ఫ్రేములు అని చదివాను. దానికి అది పనికొస్తుందా?

కోఠి పాతకెమెరా

మాస్టారూ, వెలుతురు లెక్క సరిగ్గా చెప్పారు. పందిరి తమ్ముడు పెళ్లికూతుర్ని ఫ్రేము నిండా పెడతాడు కాబట్టి ఆ అదనపు వెలుతురంతా అతనికి దక్కుతుంది. మీకు దక్కదు. రీసేల్ మాట నిజమే తమ్ముడూ, ఎఫ్ఎక్స్ బాడీ తొందరగా పోతుంది. కానీ ఏ బాడీ అయినా రేటు పడిపోయేదే. నేను మాస్టారికి కాపాడమంటున్నది లెన్సుల డబ్బుని.

ఎఫ్‌టీజెడ్‌తో 200-500 బాగా పనిచేస్తుంది. ఆ లెన్స్ మోటరే కొంచెం నిదానం, అది డీ7200 మీద కూడా అంతే. అడాప్టర్ దానికి కొత్తగా చేసే చెడుపేమీ లేదు. ఎఫ్‌టీజెడ్ రెండు రకాలు. 2018లో వచ్చిన మొదటిదానికి కింద ట్రైపాడ్ కాలు ఉబ్బుగా ఉంటుంది, 2021లో వచ్చిన రెండోదానికి ఉండదు. మీ లెన్స్‌కి కాలర్ ఎలాగూ ఉంది, కాబట్టి రెండోదే తీసుకోండి. మొదటిది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే అదీ పనిచేస్తుంది, కాకపోతే చేతికి అడ్డం తగులుతుంది. బిగించాక బరువంతా లెన్స్ కాలర్ దగ్గర పట్టుకోండి. కెమెరా పట్టుకుని లెన్స్‌ని గాల్లో వేలాడదీయొద్దు, 2.3 కిలోలకి ఆ చిన్న బాడీ సరిపోదు.

50 ఎఫ్1.8డీకి లెన్సులో మోటర్ ఉండదు. డీ7200 తన లోపలున్న స్క్రూతో దాన్ని తిప్పేది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ స్క్రూ లేదు. మీటరింగ్ పనిచేస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. స్క్రీన్ మీద అంచులకి రంగు చూపించే ఫోకస్ పీకింగ్ ఆన్ చేసుకుంటే ఇంట్లో పిల్లల ఫొటోలకి సుఖంగా వాడుకోవచ్చు. మామయ్య ఇచ్చింది, అమ్మకండి.

ఇక మీ లకుముకి. 30 ఫ్రేముల మోడ్ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో పనిచేస్తుంది, జేపెగ్ మాత్రమే వస్తుంది. ఈ సెన్సర్ స్టాక్డ్ కాదు, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. ఆ చదివే లోపల రెక్క ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్లిపోతుంది, అందుకే ఆడుతున్న రెక్క వంగిపోయి, రబ్బరులా సాగి కనిపిస్తుంది. కొమ్మ మీద కూర్చున్న పక్షి ఎగరబోయే క్షణానికి అది బాగా పనికొస్తుంది. బటన్ పూర్తిగా నొక్కకముందు ఫ్రేముల్ని కూడా దాచి ఉంచే ప్రీ-రిలీజ్ సౌకర్యం అందులోనే ఉంది. గాల్లో నిలబడి రెక్కలాడించే లకుముకికి మాత్రం మెకానికల్ షట్టరే పెట్టండి, రా ఫైల్‌లో 11 ఫ్రేములు. బఫర్ డీ500 అంత లేదు, కాబట్టి అది తల కిందికి వంచేదాకా ఆగి అప్పుడు నొక్కండి. కార్డు వేగంగా రాసే యూహెచ్ఎస్-2 రకం తీసుకోండి, స్లాట్ దానికి తగ్గదే.

బడ్జెట్‌లో మిగిలింది ఇప్పుడే లెన్సుల మీద పెట్టొద్దు. మీ 18-140 కూడా ఎఫ్‌టీజెడ్ మీద నడుస్తుంది. రెండేళ్లు పోయాక 180-600 జెడ్ సెకండ్ హ్యాండ్‌లో మంచి రేటుకి దొరికితే అప్పుడు 200-500ని మార్చుకుందురు. అది జూమ్ చేసినా పొడవు పెరగదు, పడవలో అది పెద్ద సుఖం. ఆ లెన్స్ ఫుల్ ఫ్రేముది, డీఎక్స్ ఉన్నా లేకపోయినా దానికి ఢోకా లేదు.

డీ7200ని ఎక్స్‌చేంజ్‌లో వేయకండి. ఎర్రర్ వచ్చే బాడీకి ఎవరూ చెప్పుకోదగ్గ రేటు ఇవ్వరు. విడిగా స్పేర్ పార్టుల కింద అడిగేవాళ్లుంటారు, లేదా మీ స్కూల్లో పిల్లలకి కెమెరా లోపల అద్దం, షట్టర్ ఎలా కదులుతాయో విప్పి చూపించొచ్చు.

కొనే ముందు మీ 200-500ని ఒకసారి టార్చి వెలుతురు వెనకనుంచి వేసి చూడండి. కొల్లేరు గాలిలో తేమకి లోపలి గాజు మీద సాలెగూడులాగా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. మొదట్లోనే క్లీన్ చేయిస్తే పోతుంది, ఆలస్యమైతే కోటింగ్‌ని తినేస్తుంది. డ్రై కేబినెట్ లేకపోతే గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ చాలు. మీటర్ 40కీ 50కీ మధ్య ఉండేలా చూసుకోండి. లోపల ఏమైనా కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, క్లీనింగ్‌కి ఇవ్వాలో వద్దో చూసి చెప్తాను.